నాలుగైదు తరగతుల చదువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తొమ్మిది నుంచి పదకొండేళ్ల మధ్య వయసు పిల్లల చదువు గురించి మాకు వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ప్రశ్నలు వేర్వేరు సబ్జెక్టులకు సంబంధించినవే అయినా, ఒక సబ్జెక్టులో కనబడే ఇబ్బందికి మూలం తరచు మరొక సబ్జెక్టులో ఉంటుందన్న సంగతి వీటిలో చాలా చోట్ల ఎదురవుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి నాలుగో తరగతి చదువుతోంది. మూడో తరగతి వరకు అన్నింటిలోనూ ముందుండేది. ఏ పుస్తకం ఇచ్చినా గడగడా చదివేస్తుంది. అయినా ఈ ఏడాది సామాన్య శాస్త్రంలోనూ సాంఘిక శాస్త్రంలోనూ వెనకబడింది. కూడికలు, తీసివేతలు తప్పు లేకుండా చేసే పిల్ల రాత లెక్కల దగ్గర మాత్రం ఆగిపోతోంది. శ్రద్ధ తగ్గిందనుకోవాలా?

జవాబు: అంత తొందరగా ఆ నిర్ణయానికి రావద్దు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పఠన పరిశోధకురాలు జీన్ చాల్ 1983లో పిల్లల పఠనాన్ని దశలుగా విభజించి చూపారు. చదవడం నేర్చుకునే దశ ముగిసి, కొత్త విషయాలు నేర్చుకోవడానికి చదివే దశ ఇంచుమించు నాలుగో తరగతిలో మొదలవుతుందని ఆమె వివరించారు. అంతవరకు పుస్తకంలో ఉన్నవి చాలావరకు పిల్లలు నిత్యం మాట్లాడే మాటలే. ఇప్పుడు బాష్పీభవనం, అక్షాంశం, హారం వంటి మాటలు వచ్చి పడతాయి. వాక్యాలు పొడవవుతాయి, కారణమూ ఫలితమూ ఒకే వాక్యంలో ఇమిడి ఉంటాయి. గడగడా చదవగలగడం అవసరమే గాని, అర్థమైందనడానికి అదొక్కటే రుజువు కాదు.

మీరే ఒకసారి పరీక్షించి చూడండి. "నీటి ఆవిరి చల్లబడి సూక్ష్మ బిందువులుగా మారడం వల్ల మేఘాలు ఏర్పడతాయి" అనే వాక్యం పాఠంలో ఉందనుకుందాం. మేఘాలు ఎలా ఏర్పడతాయని అడిగితే, వాక్యం అర్థం కాని పిల్ల కూడా దాన్ని యథాతథంగా అప్పజెప్పగలదు. దానికి బదులు, నీటి ఆవిరి చల్లబడకపోతే ఏమవుతుందని అడగండి. జవాబు చెప్పిందంటే అర్థమైనట్టే. పుస్తకంలో కళ్లతో వెతకడం మొదలుపెట్టిందంటే పని అక్కడ మిగిలి ఉందన్నమాట.

రాత లెక్కల ఇబ్బంది కూడా చాలాసార్లు ఇక్కడిదే. "ఒక గదిలో 24 కుర్చీలు ఉన్నాయి. ఇవి పక్క గదిలో ఉన్న కుర్చీల కంటే 6 ఎక్కువ. పక్క గదిలో ఎన్ని ఉన్నాయి?" అన్న లెక్కకు 30 అని రాసే పిల్లలు కూడిక రాని పిల్లలు కారు. 'ఎక్కువ' అన్న మాట కనబడగానే కలిపేయాలని అలవాటుపడ్డవారు. ఏ గది కుర్చీలు దేనికంటే ఎక్కువో నిలిచి చూసుకుంటే 18 అని వాళ్లే చెబుతారు. ఇలాంటి పిల్లలకు ఇంకో యాభై కూడికలు ఇచ్చి ప్రయోజనం లేదు. లెక్క చేయించే ముందు దాన్ని సొంత మాటల్లో చెప్పించడం, చిన్న బొమ్మ గీయించడం మేలు.

ఇంకొక సంగతి. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు విద్యార్థుల చేత ఒక బేస్‌బాల్ ఆట వర్ణన చదివించి, దాన్ని తిరిగి చెప్పమన్నారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లల కంటే మెరుగ్గా చెప్పగలిగారు. విషయ పరిజ్ఞానం చదువరి బలంలో అంత పెద్ద భాగం. కనుక సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం చదివే సమయాన్ని తగ్గించి చదవడం సాధన చేయించాలనే ఆలోచన మీకుంటే దాన్ని మానుకోండి. ఒకే విషయం మీద, ఉదాహరణకు నదుల మీదో తేనెటీగల మీదో, నాలుగు పుస్తకాలు వరసగా చదివించండి. మొదటి పుస్తకం దగ్గర తడబడిన మాటలు మూడోదాని దగ్గరకు వచ్చేసరికి పరిచయమై ఉంటాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఐదో తరగతి. ఇరవై వరకు ఎక్కాలు కంఠతా వచ్చు. కానీ 1/2 + 1/3 ఎంత అంటే 2/5 అంటాడు. ఎన్నిసార్లు సరిదిద్దినా మళ్లీ అదే రాస్తున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, ఆ జవాబు తెలివితక్కువది కాదని మీరు గుర్తించాలి. మీ అబ్బాయి ఇంతకాలం నేర్చుకున్న పూర్ణసంఖ్యల పద్ధతిని కొత్త చోట వాడుతున్నాడు. పైన ఒక సంఖ్య, కింద ఒక సంఖ్య కనబడుతున్నాయి కనుక పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపాడు. 1/3 కంటే 1/4 పెద్దదని చెప్పే పిల్లల ఆలోచన కూడా ఇలాంటిదే. మూడు కంటే నాలుగు పెద్దది కదా అంటారు. భిన్నం అంటే ఒక్క సంఖ్య అనీ, సంఖ్యారేఖ మీద దానికి ఒక చోటు ఉంటుందనీ తెలియనంతవరకు ఎన్ని దిద్దుబాట్లు చేసినా నిలవవు.

సూత్రం చెప్పకుండా ఒక ప్రశ్న అడగండి: సగం పెద్దదా, 2/5 పెద్దదా? ఐదు భాగాల్లో సగం అంటే రెండున్నర భాగాలు కనుక 2/5 సగం కంటే చిన్నదే. అంటే సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ వచ్చిందన్నమాట. ఈ వైరుధ్యాన్ని వాడు స్వయంగా చూసి ఉలిక్కిపడాలి. మీరు ఎర్ర సిరాతో కొట్టివేయడం కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

తర్వాత ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు తీసుకోండి. ఒకదాన్ని రెండు సమభాగాలుగా, రెండోదాన్ని మూడు సమభాగాలుగా మడిపించండి. ఒక సగానికీ ఒక మూడో వంతుకూ రంగు వేయించి, రెండూ కలిపితే ఎన్ని ముక్కలని అడగండి. ముక్కల సైజులు వేరు కనుక "రెండు ముక్కలు" అన్న జవాబుకు అర్థం లేదని అక్కడ తేలుతుంది. ఇప్పుడు రెండు పట్టీలనూ ఆరేసి భాగాలుగా మడిపించండి. సగం మూడు ముక్కలయింది, మూడో వంతు రెండు ముక్కలయింది, అన్నీ ఒకే కొలతవి, కలిపితే ఆరింట ఐదు వంతులు. హారాలు సమానం చేయడం అని పుస్తకం చెప్పే పని ఇదే. కనిష్ఠ సామాన్య గుణిజం కనుక్కునే పద్ధతి ఈ మడతల తర్వాత రావాలి. ముందే వస్తే అది మరో కంఠస్థ పాఠంగా మిగిలిపోతుంది.

2/5 అన్నది సరైన జవాబయ్యే సందర్భం కూడా ఒకటుంది. ఒకరోజు ఆడిన రెండు ఆటల్లో ఒకటి, మర్నాడు ఆడిన మూడు ఆటల్లో ఒకటి గెలిస్తే, మొత్తం ఐదు ఆటల్లో రెండు గెలిచినట్టే. అక్కడ ఒక్కో రోజు మొత్తం వేరు. భిన్నాల కూడికలో రెండు భాగాలూ ఒకే మొత్తంలోవి. మీ అబ్బాయికి చురుకుదనం ఉంటే ఈ తేడా ఎక్కడుందో కనిపెట్టమని అడగండి. బాగా ఆసక్తి కలిగించే ప్రశ్న ఇది.

దశాంశాల దగ్గరా ఈ పాత అలవాటు తిరిగి తలెత్తుతుంది. ఐదు కంటే నలభై ఐదు పెద్దది కనుక 0.5 కంటే 0.45 పెద్దదని రాస్తారు. సైమన్ స్టెవిన్ అనే గణితజ్ఞుడు 1585లో ఒక చిన్న పుస్తకం వేసి, దశాంశాలతో లెక్కలన్నీ పూర్ణసంఖ్యల లెక్కలంత సులువుగా చేయవచ్చని చూపించాడు. చేయడం సులువే, స్థానవిలువ తెలియకుండా చేస్తే పొరపాటు కూడా అంతే సులువు. 0.5ను 0.50గా రాయించి పోల్చమంటే సరిపోతుంది.

ప్రశ్న: మా మనవడికి ప్రతి నెలా ప్రాజెక్టులు ఇస్తున్నారు. చార్టులు, థర్మోకోల్ నమూనాలు చేయడానికి ఇంటిల్లిపాదీ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోవలసి వస్తోంది. వీటివల్ల పిల్లవాడు నేర్చుకునేది ఏమైనా ఉందా?

జవాబు: పెద్దలు చేసి ఇచ్చిన నమూనా వల్ల నేర్చుకునేది, మీరనుకుంటున్నట్టే, దాదాపు ఏమీ లేదు. ఈ వయసులో శాస్త్రం నేర్చుకోవడమంటే కొలవడం, కొలిచినదాన్ని వరుసగా రాసుకోవడం, ఒకసారి ఒకే అంశాన్ని మార్చి చూడడం. అందుకు ఖర్చూ అక్కర్లేదు. ఎండలో ఒక కర్రను నిలువుగా పాతి, గంటకొకసారి నీడ కొసను గుర్తుపెట్టి పొడవు కొలవమనండి. తర్వాతి గుర్తు ఎక్కడ పడుతుందో ముందుగా ఊహించి రాయమనండి. సాయంత్రానికి వాడి చేతిలో ఒక పట్టిక, ఒక గ్రాఫు, భూభ్రమణం మీద నాలుగు ప్రశ్నలు ఉంటాయి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక గంటకు 15 డిగ్రీలని భాగహారం చేసి, కోణమానినితో నీడ కోణాలు కొలిచాక, ఆ 15 ఎందుకు రాలేదని అడగవచ్చు. నిలువు కర్ర నీడ నేల మీద సమానంగా జరగదు. కర్రను భూమి అక్షానికి సమాంతరంగా వంచి, దానికి లంబంగా అమర్చిన పలక మీద నీడ పడనిస్తే అప్పుడు సరిగ్గా 15 వస్తుంది. ఇది ఐదో తరగతి పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు గాని, అడిగిన పిల్లవాడికి చెప్పకుండా దాటవేయవలసిందీ కాదు.

తన ముగింపును తానే అనుమానించడం కూడా శాస్త్రంలో భాగమే. పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన తూచి ఉంచిన మట్టిలో ఒక మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోసి మళ్లీ తూచాడు. చెట్టు 164 పౌండ్ల బరువు పెరిగింది, 200 పౌండ్ల మట్టిలో తరిగింది సుమారు రెండు ఔన్సులే. చెట్టంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. కొలతలు సరిగానే ఉన్నాయి గాని, గాలిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఈ కథను మీ మనవడికి చెప్పి, ఆయన ఏం మరచిపోయాడో కనిపెట్టమనండి.

ప్రశ్న: చరిత్రలో తేదీలు బట్టీ పట్టించడం అవసరమా?

జవాబు: కొన్ని అవసరం, ఎక్కువ అనవసరం. తేదీ కంటే ముందు కాలం పొడవు తెలియాలి. ఒక పొడవాటి కాగితం మీద 100 సంవత్సరాలకు 1 సెంటీమీటరు చొప్పున కాలరేఖ గీయించండి. రాత పుట్టిన కాలం ఇప్పటి నుంచి సుమారు 52 సెంటీమీటర్ల వెనక పడుతుంది, గూటెన్‌బర్గ్ అచ్చు పుస్తకం ఆరు సెంటీమీటర్ల లోపు, 1969లో చంద్రుడి మీద మనిషి కాలుమోపడం చివరి అర సెంటీమీటరు దగ్గర. గణితంలోని సంఖ్యారేఖ, పటం మీది స్కేలు, ఈ కాలరేఖ మూడూ ఒకే ఆలోచన మీద నిలిచినవి. పటంలో 1 సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరని చెప్పగల పిల్లలకు కాలరేఖ కష్టం కాదు.

ప్రశ్న: నేను ఐదో తరగతి ఉపాధ్యాయినిని. వ్యాసం రాయమంటే పిల్లలు మూడు వాక్యాలతో ముగిస్తారు, వాటి నిండా అక్షరదోషాలే. తప్పులన్నీ దిద్దాలా?

జవాబు: మొదటి ప్రతిలో దిద్దవద్దు. మూడు వాక్యాలతో ఆగిపోవడానికి కారణం చాలాసార్లు భాష కాదు, చెప్పడానికి విషయం లేకపోవడం. "నా అభిమాన ఋతువు" వంటి అంశం ఇస్తే రాయడానికి ఏముంటుంది? దానికి బదులు, "చుట్టుకొలతలు సమానమైతే వైశాల్యాలూ సమానమే" అన్న వాక్యం నిజమో కాదో ఒక పేరాలో నిరూపించమనండి. 20 సెంటీమీటర్ల చుట్టుకొలతతో 8, 2 భుజాల దీర్ఘచతురస్రం గీస్తే వైశాల్యం 16 చదరపు సెంటీమీటర్లు, 6, 4 భుజాలతో 24, ఐదేసి భుజాల చతురస్రానికి 25. ఇన్ని ఉదాహరణలు చేతిలో ఉన్న పిల్లలు 'కనుక', 'అయినప్పటికీ', 'దీనినిబట్టి' వంటి మాటలను తమంతట తామే వెతుక్కుంటారు. ఆ పేరాను పక్క పిల్లవాడికి ఇచ్చి, అర్థం కాని వాక్యం కింద గీత గీయించండి. రాసినవారు దాన్ని మార్చి తిరగరాశాక, ఒత్తులో, దీర్ఘాలో, ఏదో ఒక రకం దోషాలను మాత్రమే ఎంచుకుని దిద్దండి. మిగతావి తర్వాతి వారానికి ఉంచండి.