టెక్ సందేహాలు: అమ్మకాలు పెరిగింది ఆఫర్ వల్లా, కార్తీకం అయిపోవడం వల్లా?

ఫోన్ వేడెక్కుతోంది, స్టోరేజీ నిండిపోయింది అన్న ఉత్తరాలు ఈ వారానికి పక్కన పెట్టాను. వ్యాపారం లెక్కలు ఎక్సెల్‌లో వేసుకునేవాళ్లు పంపిన నాలుగు ప్రశ్నలు తీసుకున్నాను. నాలుగూ ఒకదానికొకటి చుట్టాలే.

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాకు కర్రీ పాయింట్ ఉంది. వాట్సాప్ స్టేటస్‌లో ‘రెండు కూరలు కొంటే పప్పు ఫ్రీ’ అని వారం రోజులు పెట్టాం. అంతకుముందు వారం అమ్మకం 50,000 రూపాయలు, ఆఫర్ వారం 52,100. ఇది నిజంగా పెరిగినట్టా, గాలివాటమా? ఎక్సెల్‌లో టీ-టెస్ట్ చేస్తే నాకు 0.72 వచ్చింది. అదే షీట్ మీద మా తమ్ముడు చేస్తే 0.005 వచ్చింది. ఎవరిది కరెక్టు?

మీ తమ్ముడిదే. అలాగని ఆఫర్ పనిచేసిందని ఇప్పుడే సంబరపడకండి.

టీ-టెస్ట్ అంటే రెండు సగటుల మధ్య తేడా నిజమా, గాలివాటమా అని చూసే లెక్క. అంకె ఎంత చిన్నదైతే గాలివాటం అనడం అంత కష్టం. ముందు తేడా ఎక్కడొచ్చిందో చూద్దాం. టీ.టెస్ట్ ఫార్ములా బ్రాకెట్‌లో నాలుగు అడుగుతుంది: పాత వారం గడులు, కొత్త వారం గడులు, ఆ తర్వాత 1 లేదా 2 (పెరిగిందా అని మాత్రమే చూడాలంటే 1, పెరిగినా తగ్గినా చూడాలంటే 2), చివర్లో టెస్ట్ రకం. ఆ చివరి అంకె దగ్గర మీరు 3 కొట్టారు, తమ్ముడు 1 కొట్టాడు. 3 అంటే ఈ రెండు వారాలకీ సంబంధం లేదు, రెండు వేర్వేరు కుప్పలు అని చెప్పడం. మీకు మంగళవారం 5,800 వస్తే ఆదివారం 9,900 వస్తోంది. ఒకే వారంలో నాలుగు వేల ఎగుడుదిగుడు ఉంటే, రోజుకు సగటున పెరిగిన 300 అందులో ఎక్కడ కనిపిస్తుంది? 1 కొడితే ఎక్సెల్ సోమవారాన్ని సోమవారంతోనే, ఆదివారాన్ని ఆదివారంతోనే జత కడుతుంది. మీ షీట్‌లో ఆ జతల తేడాలు సోమవారం నుంచి వరసగా 400, 200, 100, 600, 300, 100, 400. ఏడుకి ఏడు రోజులూ పెరిగాయి. అందుకే 0.005. అంటే ఈ రెండు వారాల మధ్య అసలు మార్పే లేదనుకుంటే, ఊరికే రోజువారీ హెచ్చుతగ్గుల వల్ల కనీసం ఇంత తేడా రావడం వెయ్యిసార్లలో ఓ అయిదుసార్లు జరగొచ్చు.

ఏడు రోజుల లెక్క సరిపోతుందా అని కూడా అడిగారు. ఈ టెస్ట్ పుట్టిందే కొద్దిపాటి లెక్కల కోసం. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో దీన్ని ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించాడు. బార్లీ మీద, బీరు మీద చేసే పరీక్షల్లో ఆయన చేతికి వచ్చే నమూనాలు నాలుగైదే. మీకు ఏడు ఉన్నాయి.

ఇక అసలు సంగతి. షీట్‌లో తారీఖులు చూశాను. మీ ‘పాత వారం’ కార్తీకంలో ఆఖరి వారం. ఆఫర్ మొదలైంది పోలి పాడ్యమి దాటాక. మీ మెనూలో చికెన్ ఫ్రై, చేపల పులుసు ఉన్నాయి. నెలరోజులు నీచు ముట్టనివాళ్లు ఆ వారమే కదండీ మళ్లీ మొదలుపెట్టేది! కార్తీక సోమవారంతో మామూలు సోమవారాన్ని పోలిస్తే 400 పెరగడానికి మీ పప్పు అక్కర్లేదు. రెండు వారాలూ ఒకేలా లేవు అన్నంత వరకే 0.005 చెబుతుంది. ఎందుకు లేవన్నది దానికి తెలీదు. క్యాలెండర్ మీ గోడకుంది గానీ ఎక్సెల్‌కి లేదు.

మళ్లీ ఇలా చేయండి. పండగలూ పబ్బాలూ లేని నాలుగు వారాలు తీసుకోండి. నాలుగు సోమవారాల తారీఖులు చీటీల మీద రాసి గిన్నెలో వేయండి. రెండు తీయండి, ఆ రెండింటికీ ఆఫర్, మిగతా రెండింటికీ లేదు. మంగళవారం నుంచి ఆదివారం దాకా మిగతా రోజులకూ ఇంతే. చీటీ తీయాలి, మీకు తోచినట్టు ఎంచుకోకూడదు. ఎంచుకోమంటే గిరాకీ బాగుంటుందనుకున్న రోజే ఆఫర్ పెడతారు. చివర్లో ఆఫర్ ఉన్న సోమవారాల సగటు, లేని సోమవారాల సగటు, ఇలా ఏడు జతలు చేసి టెస్ట్ రకం 1 కొట్టండి. ఇంకొక్కటి, పోల్చాల్సింది అమ్మకం కాదు, ఉచితంగా ఇచ్చిన పప్పు ఖర్చు పోగా మిగిలింది. అమ్మకం పెరిగి లాభం తగ్గిన ఆఫర్లు బోలెడు.

ప్రశ్న: యూట్యూబ్‌లో అందరూ డేటా ట్యాబ్‌లో ‘డేటా అనాలిసిస్’ నొక్కమంటున్నారు. నా ల్యాప్‌టాప్‌లో ఆ బటనే లేదు. ఫోన్‌లో కూడా వెతికాను. – తణుకు పాఠకుడు

టీ-టెస్ట్ లాంటి లెక్కలు చేసిపెట్టే ఆ బటన్ లేక కాదు, దాచి ఉంటుంది. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌కి వెళ్లి, కింద ‘ఎక్సెల్ యాడ్-ఇన్స్’ పక్కనున్న ‘గో’ నొక్కి, ‘అనాలిసిస్ టూల్‌పాక్’కి టిక్ పెట్టండి. మ్యాక్ అయితే టూల్స్ మెనూలో ఉంటుంది. ఫోన్ యాప్‌లోనూ, బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్‌లోనూ ఇది రాదు, వెతకొద్దు. ఎక్సెల్ కొనలేదంటే లిబ్రే ఆఫీస్ ఉచితం. అందులో డేటా మెనూలో స్టాటిస్టిక్స్ కింద టీ-టెస్ట్, రిగ్రెషన్ (అమ్మకం లాంటి అంకెలో ఏ కారణం వాటా ఎంతో విడదీసే లెక్క) రెండూ ఉన్నాయి.

ప్రశ్న: విజయవాడలో ఐస్‌క్రీమ్ పార్లర్ నడుపుతున్నాను. ఏడాది లెక్క, నెలకో వరస చొప్పున 12 వరసలు. ఎండ, ప్రకటనల ఖర్చు, సెలవులు, ధర... మొత్తం ఏడు కాలమ్‌లు పెట్టి రిగ్రెషన్ చేశాను. ఆర్-స్క్వేర్ 0.91 వచ్చింది. కానీ ప్రకటనల ఖర్చు దగ్గర మైనస్ చూపిస్తోంది. ప్రకటనలు ఇస్తే అమ్మకం తగ్గుతుందా? ఆపేయమంటారా?

ఆపకండి. ఆపడానికైనా కొనసాగించడానికైనా ఈ షీట్ సాక్ష్యం చాలదు.

మీరు పెట్టిన కారణాలన్నీ కలిసి అమ్మకం హెచ్చుతగ్గుల్లో ఎంత భాగం వివరించాయో 0 నుంచి 1 దాకా చెప్పేది ఆర్-స్క్వేర్. 0.91 చూసి మురిసిపోయినట్టున్నారు. చిన్న ప్రయోగం చేయండి. అమ్మకం కాలమ్ అలాగే ఉంచి, మిగతా ఏడు కాలమ్‌లలో ర్యాండ్ ఫార్ములాతో ఏవో పిచ్చి అంకెలు నింపి, వాటిని వాల్యూస్‌గా పేస్ట్ చేసి రిగ్రెషన్ నడపండి. ఏ సంబంధమూ లేకపోయినా 12 వరసలకు ఏడు కాలమ్‌లు పెడితే ఆర్-స్క్వేర్ సగటున 0.64 దాకా వస్తుంది. కాలమ్ చేర్చినకొద్దీ అది పెరగడమే గానీ తగ్గడం ఉండదు. దాని కిందే, కాలమ్‌లు ఎక్కువైనందుకు కోత వేసి చూపే ‘అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్’ ఉంది, చూశారా? మీ లెక్కకు అది 0.75. చూడాల్సింది దాన్నే.

మైనస్ సంగతి. మీరు ప్రకటనలు ఎక్కువగా ఇచ్చింది ఏప్రిల్, మే నెలల్లో. బెజవాడ ఎండ మండేదీ అప్పుడే. రెండు కాలమ్‌లూ కలిసి లేచి కలిసి పడుతున్నాయి. కావడికి రెండు వైపులా కుండలున్నప్పుడు భుజం మీది బరువులో ఏ కుండ వాటా ఎంతో భుజానికి తెలుస్తుందా? రిగ్రెషన్ పరిస్థితీ అంతే. ఎక్కువ భాగం ఎండకిచ్చేసి, లెక్క సరిపోవడానికి ప్రకటనలకు మైనస్ తగిలించింది. రెండు కాలమ్‌లు ఎంతగా కలిసి నడుస్తున్నాయో చెప్పే కోరెల్ ఫార్ములాతో ఆ రెండింటినీ చూడండి, 1కి దగ్గరగా వస్తే ఇదే జబ్బు. పైగా జులైలో వానలకు గిరాకీ పడిపోయాక ఫేస్‌బుక్‌లో మళ్లీ డబ్బు పెట్టానని మీరే రాశారు. అంటే అమ్మకం తగ్గింది కాబట్టి ప్రకటన వచ్చింది. ఏది ముందో ఏది వెనకో రిగ్రెషన్‌కి తెలీదు.

ఫలితాల పట్టికలో కుడివైపు ‘లోయర్ 95%’, ‘అప్పర్ 95%’ అని రెండు గడులున్నాయి. మీకు ప్రకటనల వరసలో ఒకటి -3.1, రెండోది 2.4. రూపాయి పెడితే మూడు రూపాయలు పోవచ్చు, రెండున్నర రావచ్చు అంటోంది. ప్లస్సో మైనస్సో కూడా తేలలేదన్నమాట.

నెలవారీ కాకుండా రోజువారీ లెక్క తీయండి. బిల్లింగ్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ ఉంటుంది, ఏడాదికి 365 వరసలొస్తాయి. ఆదివారాలకు, సెలవులకు 1, మామూలు రోజులకు 0 అని కాలమ్ చేయండి. ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. ఎక్స్‌పోర్ట్ ఫైల్లో అంకెల ముందు రూపాయి గుర్తు వస్తే ఎక్సెల్ వాటిని అక్షరాలనుకుని ‘నాన్-న్యూమరిక్ డేటా’ అని రిగ్రెషన్ ఆపేయవచ్చు. ఫైండ్-రీప్లేస్‌తో గుర్తులు, కామాలు తీసేయండి. తారీఖులు కూడా చూసుకోండి, 5 ఏప్రిల్ కాస్తా 4 మేగా మారిందంటే ఎండ లెక్కంతా గల్లంతు. కారణంగా పెట్టే కాలమ్‌లన్నీ పక్కపక్కనే ఉండాలి, 16కి మించకూడదు.

ప్రశ్న: మంగళగిరి చీరలు ఇన్‌స్టాలో అమ్ముతాను. ఫొటోలు 20 రకాలుగా పెట్టి చూశాను. మగ్గం పక్కన తీసిన రకానికి ఎంక్వైరీలు ఎక్కువొచ్చాయి. ఫైలు మొత్తం ఒక ఏఐ చాట్‌బాట్‌కిస్తే ‘పి-వాల్యూ 0.03, అంటే ఈ ఫొటో పనిచేసే అవకాశం 97 శాతం’ అంది. నిజమేనా?

కాదమ్మా. ఈ పొరపాటు చాట్‌బాట్ల కంటే ముందు మనుషులే చేశారు, వాళ్ల రాతల నుంచే అది నేర్చుకుంది. ఫొటోకి ఏ ప్రభావమూ లేకపోయినా కనీసం ఇంత తేడా వచ్చే అవకాశం ఎంత అన్నదే పి-వాల్యూ. ఫొటో పనిచేసే అవకాశం వేరే ప్రశ్న. పి-వాల్యూ ఆ సంగతి చెప్పదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ప్రకటనే ఇవ్వాల్సి వచ్చింది.

పైగా మీరు చూసింది ఒకటి కాదు, 20 రకాలు. ఇరవైలో ఏదీ పనిచేయకపోయినా, కనీసం ఒక్కటైనా 0.05 కంటే తక్కువ చూపించే అవకాశం 64 శాతం. పి-వాల్యూ అంతకంటే తక్కువైతే తేడా గాలివాటం కాదనుకునే ఈ 0.05 గీత దేవుడు గీసిందేమీ కాదు, వాడకానికి అనువుగా ఉందని గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1925లో పుస్తకంలో రాస్తే అలా స్థిరపడిపోయింది. (మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, తర్వాత కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసింది ఈ ఫిషర్ దగ్గరే. రావు గారి పేరుతోనూ 1948 నాటి టెస్ట్ ఒకటుంది.) 20 రకాలు చూసినప్పుడు ఆ గీతను 20తో భాగించుకోవడం ఒక పద్ధతి. అప్పుడు 0.0025 అవుతుంది. మీ 0.03 దాని దరిదాపుల్లో లేదు.

మగ్గం ఫొటోలో ఏమీ లేదని కాదు నా మాట. మిగతా 19 వదిలేసి, వచ్చే నెల మగ్గం పక్కన తీసిన ఫొటో ఒకటి, మామూలు ఫొటో ఒకటి, అవే చీరలకు, అదే వేళకు పెట్టండి. చూసినవాళ్లెంతమంది, అడిగినవాళ్లెంతమంది రాసుకోండి, అడిగినవాళ్ల వాటా రెండు ఫొటోలకూ నిజంగా తేడాగా ఉందా అని చూడడానికి ఎక్సెల్‌లో ‘కై-స్క్వేర్ టెస్ట్’ ఫార్ములా ఉంది. అన్నట్టు మీరు నాకు పంపిన ఫైల్లో కొనుగోలుదార్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు అలాగే ఉన్నాయి. చాట్‌బాట్‌కీ అదే ఫైలు ఇచ్చినట్టున్నారు. ఈ లెక్కకు ఆ కాలమ్‌ల పనేమీ లేదు, ఈసారి తీసేసి పంపండి.