ఊరి చుట్టూ పరుగు దారులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది కోనసీమలో ఆత్రేయపురం మండలంలోని ఒక చిన్న ఊరు. కానిస్టేబుల్ ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమవుతున్నాను. 1600 మీటర్ల పరుగు కోసం తెల్లవారుజామున రావులపాలెం రోడ్డు మీద సాధన చేస్తుంటే, లారీలకూ ఇసుక ట్రాక్టర్లకూ భయపడి ఇంట్లో వద్దంటున్నారు. మంచి గ్రౌండు దగ్గరలో లేదు. ఊరి చుట్టుపక్కలే పరుగుకు పనికివచ్చే దారిని ఎలా ఎంచుకోవాలి?

జవాబు: మీ ఇంట్లోవారి భయం అర్థం లేనిది కాదు. వెలుగు రాకముందే, వెనుక దీపం కూడా లేని ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మీద పరుగెత్తవలసిన అవసరం మీ మండలంలో ఎవరికీ లేదు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట పుణ్యమా అని మధ్య డెల్టా అంతటా కాలువలు అల్లుకున్నాయి. బొబ్బర్లంక దగ్గర బయలుదేరే ప్రధాన కాలువ మీ మండలంలోని లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమలోకి పారుతుంది. ఆ కాలువలు పంటలకే కాక పడవలకు కూడా ఉపయోగపడేవి. పడవను మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు కనుక, అడుగు తడబడకుండా మైళ్ల తరబడి సాగే దారి నీటి పక్కనే ఏర్పడింది. ఈనాడు పరుగెత్తేవారికి అంతకంటే మంచి దారి దొరకడం కష్టం.

అయితే డెల్టాలో ఏ దారీ పన్నెండు నెలలూ ఒకేలా ఉండదు. ఫిబ్రవరిలో హాయిగా పరుగెత్తిన పుంతలో, అంటే చేల మధ్య మట్టి బండిదారిలో, జూలైలో అడుగు పెట్టలేరు. కాబట్టి ఒక్క దారిని నమ్ముకోకుండా కాలువ గట్టు, ఏటిగట్టు, పుంత ఈ మూడింటినీ చూసి పెట్టుకుని, కాలువలో నీరు ఎలా ఉందో, చేలలో ఏ పని నడుస్తోందో గమనిస్తూ వాటి మధ్య మారుతూ ఉండడం మంచిది.

ముందుగా కాలువ గట్టు సంగతి చూద్దాం. రెండు గట్లలో ఒకటి సాధారణంగా వెడల్పుగా, వాహనం పోయేలా ఉంటుంది. రెండోది కాలిబాటగానే మిగులుతుంది. మోటారు సైకిళ్లు తక్కువగా తిరిగే గట్టును ఎంచుకోండి కానీ, వంతెన నుంచి వంతెన దాకా ఒకసారి పగటిపూట నడిచి చూడనిదే అక్కడ పరుగు మొదలుపెట్టవద్దు. తూముల దగ్గర విరిగిన పలకలు, పశువులు నీటికి దిగే చోట కోసుకుపోయిన అంచులు, బోదెకు (పొలాలకు నీరు పోయే పిల్లకాలువకు) నీరు మళ్లించడానికి అడ్డంగా కొట్టిన గండ్లు చీకట్లో కనిపించవు. వాన పడిన మర్నాడు నల్లమట్టి బూటుకు అంటుకుని అడుగు బరువెక్కుతుంది, మడమ జారుతుంది. ఆ రోజు తారు రోడ్డో సిమెంటు రోడ్డో మేలు. ఎండాకాలంలో కాలువలు కట్టేసిన తరువాత మొదటి కొన్ని రోజులు అంచుకు దూరంగా ఉండాలి. అన్నాళ్లూ గట్టును ఆనుకుని ఉన్న నీరు ఒక్కసారిగా దిగిపోవడంతో, లోపల తడి ఆరని మట్టికి ఆసరా పోయి అంచులు పెళ్లలుగా విరిగి పడతాయి.

పుంతలు దాళ్వా (రెండో పంట) పైరు ఎదిగే రోజుల్లో, అంటే జనవరి నుంచి మార్చి దాకా ఉన్నంత బాగా మరెప్పుడూ ఉండవు. మట్టి గట్టిపడి ఉంటుంది, బండ్ల రాకపోకలు తక్కువ, రెండు పక్కలా పచ్చదనం, పొద్దున చల్లదనం. సార్వా (వానాకాలం పంట) ఊడ్పుల సమయానికి దమ్ము చక్రాల ట్రాక్టర్లు ఆ దారినే చీల్చి పెడతాయి. అప్పుడు అక్కడ పరుగెత్తితే చీలమండ బెణకడం ఖాయం. కోతల తరువాత మరో ఇబ్బంది ఉంది. సార్వా ధాన్యాన్ని నవంబరు, డిసెంబరులలోనూ, దాళ్వా ధాన్యాన్ని ఏప్రిల్, మే నెలల్లోనూ రైతులు రోడ్ల మీద, ఏటిగట్టు మీద ఆరబోస్తారు. రాత్రికి బరకాలు కప్పి, వాటి అంచుల మీద రాళ్లు పెట్టి, వాహనాలు ఎక్కకుండా చుట్టూ కొమ్మలు అడ్డం వేస్తారు. చీకట్లో ఆ రాయి తగిలితే మీ పరీక్ష పోతుంది. మీ కాలు ధాన్యంలో పడితే ఆ కుటుంబం కష్టం మట్టిలో కలుస్తుంది. ఆ వారాల్లో తెల్లవారాకే బయలుదేరండి, రాశి కనిపిస్తే దిగి నడిచి దాటండి.

ఏటిగట్టు ఎత్తుగా ఉంటుంది కనుక వానాకాలంలో త్వరగా ఆరుతుంది. నాకు నచ్చిన దారి అదే. కానీ గోదావరికి వరద వచ్చే జూలై, ఆగస్టు నెలల్లో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం ఎంతుందో తెలుసుకోకుండా అటు వెళ్లకూడదు. అక్కడ 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకల (నది మధ్య దీవుల) వైపు దిగే దారులను మరచిపోవాలి. రెండవది వచ్చాక గట్టు మీద ఇసుక బస్తాలతో, గస్తీతో పనిచేసేవారికి అడ్డు తగలకుండా సాధన మానుకోవడమే మర్యాద. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగిన సంగతి మీ ఊరి పెద్దలకు బాగా గుర్తుంటుంది.

ఇక దూరం కొలవడం. ఫోన్లోని లెక్క కొబ్బరి తోటల నీడలో కొంచెం అటూ ఇటూ అవుతుంది. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ల మధ్య 2, 4, 6, 8 అంకెలతో చిన్న రాళ్లు ఉంటాయి. ఒక్కో రాయికి మధ్య 200 మీటర్లు. అలాంటి ఎనిమిది భాగాలు కలిస్తే మీకు కావలసిన 1600 మీటర్లు. గట్టు మీద రాళ్లు లేకపోతే సైకిలు చక్రానికి సుద్దతో గుర్తు పెట్టి, నేల మీద ఒక చుట్టు దొర్లించి, ఆ పొడవును టేపుతో కొలిచి, తరువాత చుట్లు లెక్కపెట్టుకుంటూ సైకిలు నడిపించండి. ప్రతి 400 మీటర్లకూ ఒక చెట్టుకో స్తంభానికో సున్నంతో గుర్తు పెట్టుకుంటే చాలు.

ప్రతిరోజూ 1600 మీటర్లను ప్రాణం పెట్టి పరుగెత్తడం చాలామంది అభ్యర్థులు చేసే పని. అది మోకాలి కింద నొప్పులకు దారి తీస్తుంది. వారంలో ఎక్కువ రోజులు గట్టు మీద మాట్లాడగలిగేంత నెమ్మదిగా నాలుగైదు కిలోమీటర్లు పరుగెత్తి, రెండు రోజులు మాత్రం 400 మీటర్ల ముక్కలను మధ్యలో నడుస్తూ వేగంగా చేయండి. గట్టు తిన్నగా ఉంటుంది, పరీక్షలోనేమో 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు ఎడమవైపు మలుపులతో తిరగాలి. అందుకని పరీక్షకు ముందు వారాల్లో కొన్ని రోజులైనా దగ్గరి కళాశాల మైదానానికి వెళ్లి తీరాలి. తప్పనిసరై రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు కుడి అంచున, ఎదురుగా వచ్చే వాహనం కనిపించేలా పరుగెత్తండి.

ప్రశ్న: నాకు నలభై ఏళ్లు. హైదరాబాదులో పార్కులో పరుగెత్తే అలవాటు ఉండేది. ఇప్పుడు ములుగు జిల్లాలోని మా అత్తగారి ఊరికి వచ్చేశాం. ఇక్కడ చెరువు కట్ట ఒక్కటే ఉంది. అటూ ఇటూ తిరగడం విసుగ్గా ఉంది, ఒంటరిగా వెళ్లాలంటే సంకోచంగానూ ఉంది.

జవాబు: మీరున్నది రామప్ప, లక్నవరం చెరువుల సీమ. కాకతీయుల కాలం నుంచి అక్కడ చెరువులను గొలుసుకట్టుగా నిర్మించారు. పై చెరువు నిండి మత్తడి (అదనపు నీరు పొర్లిపోయే రాతికట్టు) దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. అందువల్ల కట్టను ఒంటరి దారిగా చూడనక్కరలేదు. తూము దగ్గర దిగి, కాలువ వెంట పొలాల మధ్య బాట పట్టుకుని, ఆయకట్టు చివర ఊరి రోడ్డు ఎక్కి తిరిగి కట్టకు చేరితే చక్కని చుట్టు ఏర్పడుతుంది. మీ ఊరి రైతులను అడిగితే ఏ బాట ఎక్కడ తేలుతుందో చెబుతారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో మీ కట్టను కూడా వెడల్పు చేసి మొరం పోసి ఉంటే, కాళ్లకు అంతకంటే అనువైన నేల అరుదు. వానాకాలంలో మత్తడి మీదుగా నీరు పారుతుంటే అది మోకాలి లోతే అనిపించినా దాటవద్దు. పాచి పట్టిన రాతి మీద కాలు నిలవదు. చుట్టుపక్కల అన్నింటికంటే ఎత్తయిన చోటు కట్టే కనుక, ఉరుము వినిపించిన వెంటనే దిగి ఇంటికి రావాలి.

సంకోచం విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఊళ్లో ఆడవాళ్లు పరుగెత్తడం వింతగా చూస్తున్నారంటే సరిదిద్దుకోవలసింది చూసేవారే, మీరు కాదు. నగరంలో రోజుకో దారి మార్చమని సలహా ఇస్తారు. ఊళ్లో మాత్రం తెలిసినవారి కళ్లే కాపలా. కొన్నాళ్లు ఒకే వేళకు, ఒకే దారిలో వెళ్లండి. పాలు పోయడానికి వచ్చేవారికి, వేసవిలో ఉపాధి హామీ పనికి పొద్దున్నే బయలుదేరే మహిళలకు మీరు పరిచయమవుతారు. పలకరించండి. వారిలో ఒకరిద్దరు వెంట నడుస్తామన్నా ఆశ్చర్యం లేదు. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి, ఫోను దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మాది దివిసీమ. చేలగట్ల మీద పరుగెత్తాలంటే పాములకు, ఊరు దాటేటప్పుడు కుక్కలకు భయంగా ఉంది. ఏం చేయాలి?

జవాబు: చేలలో ఎలుకలు ఉన్నచోట పాములు ఉంటాయి, వరి కోతల రోజుల్లో అవి గట్ల మీదికి వస్తాయి. గడ్డి కప్పిన సన్నని చేలగట్లను వదిలి, నేల కనిపించే దారినే ఎంచుకోండి. చీలమండను కప్పే బూట్లు వేసుకుని, వెలుగు చాలకపోతే టార్చిలైటు పట్టుకుని నడవండి, పరుగు తెల్లవారాకే. ఒకవేళ పాము కాటు వేస్తే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయవద్దు. కాలు కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరడమే చికిత్స. మన దేశంలో ఇచ్చే మందు తాచుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ పనిచేస్తుంది కనుక, పామును చంపి తీసుకువెళ్లాలని కాలయాపన చేయకూడదు.

కుక్క వెంటపడితే పరుగు ఆపి నిలబడండి. దాని కళ్లలోకి చూడకుండా, వీపు తిప్పకుండా నెమ్మదిగా పక్కకు జరగండి. కరిచినా, గోరు గీసుకున్నా గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపు, కారం వంటివి పెట్టకుండా, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి. మొదటి సూది తరువాత నొప్పి తగ్గిందని మిగిలినవి మానేయవద్దు.