కొండ దిగొచ్చినాక ఒంటికి పోతే మంట: మాత్ర కంటే ముందు పరీక్ష

చెల్లీ, కొండకి నడిచిపోయి వచ్చినప్పట్నుంచీ ఒంటికి పోతే మంటగా ఉందనీ, మీ అత్త వేడి చేసిందని సబ్జా నీళ్లు ఇస్తా ఉందనీ, మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకోవచ్చా అనీ అడిగినారు. సబ్జా నీళ్లు తాగండి, తప్పులేదు. మాత్ర మాత్రం మూత్రం పరీక్షకి ఇచ్చినాకే.

అలిపిరి దోవలో 3550 మెట్లు. ఒళ్లంతా చెమట పడుతుంది, మళ్లీ పోవాల్సొస్తుందని నీళ్లు తక్కువ తాగుతాం. పైన కంపార్ట్‌మెంట్‌లో మరుగుదొడ్లు ఉన్నా లైను కదిలిపోతుందేమోనని ఆపుకుంటాం. మూత్రం చిక్కబడి మండితే, నీళ్లు బాగా తాగినాక రంగు తేలిపోయి మంట కూడా తగ్గిపోతుంది. అట్లా తగ్గక, మాటిమాటికీ పోవాలనిపించి నాలుగు చుక్కలే వస్తా, మడ్డిగా, వాసనగా ఉంటే ఇన్ఫెక్షన్ అనుకోవాలి. ఆడవాళ్లకి మూత్రనాళం 4 సెంటీమీటర్లే కాబట్టి సూక్ష్మజీవులు సులువుగా పైకి పాకుతాయి.

నాకూ ఇట్లాగే వచ్చింది. డాక్టరమ్మ మామూలు పరీక్షతో పాటు కల్చర్ (మూత్రంలో ఉండే సూక్ష్మజీవుల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) కూడా రాసింది. మొదట కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేది సీసాలో పట్టి, మూత లోపల వేలు తగలకుండా బిగించి వెంటనే ల్యాబ్‌లో ఇచ్చేయాలి. మామూలు రిపోర్టు ఆ రోజే వచ్చేసింది, చీము కణాలు ఎక్కువున్నాయని. కల్చర్‌కి రెండు మూడు రోజులు పడుతుంది. అందులో ‘ఈ.కోలై’ అని సూక్ష్మజీవి పేరు, కింద మందుల పట్టీ, ఒక్కోదానికి ఎదురుగా ఎస్ లేదా ఆర్. ఎస్ అంటే పనిచేస్తుందని, ఆర్ అంటే చేయదని. అడగంగానే చాలా షాపుల్లో చేతిలో పెట్టే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా నాకు ఆర్ ఉండింది! ముందే ఏదో ఒక యాంటీబయాటిక్ మింగేసి పోతే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు, ఈ సంగతి తెలిసేదే కాదు. మంట తగ్గించే సిరప్ ఉపశమనానికే, ఇన్ఫెక్షన్‌ని చంపదు.

అన్ని మంటలూ ఇన్ఫెక్షనే కావు. మా ఆయనకి మూత్రసంచి దగ్గరికి దిగిన రాయి వల్ల మంట, స్కానింగ్‌లో తేలింది. మా అమ్మది ఇంకో కథ. మంటతో పాటు దురద, కల్చర్‌లో ఏమీ లేదు. డాక్టరు ఆమె వేసుకునే మాత్రల అట్టలు తీయించి చూసి, షుగర్‌కి వాడే డాపాగ్లిఫ్లోజిన్ దగ్గర ఆగినాడు. అది చక్కెరని మూత్రంలోకి పంపేస్తుంది, ఆ తీపికి అక్కడ ఫంగస్ పట్టింది. (అమ్మ లెక్కలో అదీ వేడే.) అయినా షుగర్ మాత్ర సొంతంగా ఆపొద్దు. వయసు పైబడిన మగవాళ్లకి ప్రోస్టేట్ వల్ల కూడా వస్తుంది. సుఖవ్యాధులైతే సిగ్గుపడకుండా భార్యాభర్తలిద్దరూ చూపించుకోవాలి, ఒకరికే వైద్యం చేస్తే మళ్లీ అంటుకుంటుంది.

చలిజ్వరం, వాంతులు, పక్కటెముకల కింద వెనకవైపు నొప్పి ఉంటే కిడ్నీకి పాకిందేమో, కల్చర్ రిపోర్టు కోసం కూడా ఆగొద్దు, తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో ఆ పూటే పోండి. మూత్రం బొత్తిగా రాకపోయినా, రక్తం కనబడినా అంతే. నెల తప్పి ఉంటే మంట కొంచెమే అయినా ఆ రోజే చూపించండి. పోయేటప్పుడు వాడే మాత్రల అట్టలన్నీ తీసుకుపోండి, ఏ మందైనా పడదంటే అడగకముందే చెప్పండి.