ఒకే జబ్బు, ఒకే మాత్ర... మరదలే ఎందుకు చిక్కిపోతోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడూ మరదలూ నొప్పి తగ్గించే ఇంజక్షన్లను మత్తు కోసం ఎక్కించుకునే అలవాటులో పడి హెచ్‌ఐవీ తెచ్చుకున్నారు. ఏడాదిగా ఇద్దరూ హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లో దొరికే టీఎల్‌డీ (మూడు మందులు కలిసిన) మాత్రలే వాడుతున్నారు. తమ్ముడు తేరుకుని ఒళ్లు చేశాడు. మరదలు మాత్రం చిక్కిపోతోంది, నాలుగు నెలలుగా నెలసరి కూడా రాలేదు. ఈ జబ్బు ఆడవాళ్లనే ఎక్కువగా పీడిస్తుందా?
- పేరు ప్రచురించవద్దని కోరిన సోదరి, గాజువాక

జవాబు: అమ్మా, మీ మరదలి కోసం మీరు ఇంతగా ఆరాటపడడమే ఆమెకు పెద్ద అండ. మాత్రలు క్రమం తప్పకుండా పడుతున్నంత కాలం హెచ్‌ఐవీ ఆడవారిని ఒకలా, మగవారిని మరోలా చూడదు. ఇలా సూదుల ద్వారానే సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-సి వైరస్‌నైతే మందు లేకుండానే వదిలించుకునే శక్తి మగవారికన్నా ఆడవారిలోనే కొంత ఎక్కువ. కాబట్టి లోపం ఆమె శరీరానిది కాదు. ఆమె బతుకుతున్న తీరులో వెతకాలి.

సూదులతో మత్తు ఎక్కించుకునే జంటల్లో చాలాచోట్ల మందు తెచ్చేదీ, సిరంజి నింపేదీ, భార్యకు గుచ్చేదీ భర్తే. ముందు తాను ఎక్కించుకుని, అదే సిరంజితో తరవాత ఆమెకు ఎక్కిస్తాడు. ముందు గుచ్చుకున్నవారి రక్తంలో ఏ వైరస్ ఉన్నా అలా తరవాత గుచ్చుకునేవారికి చేరవచ్చు. తనంతట తాను గుచ్చుకోవడం రాని స్త్రీ కొత్త సిరంజి కావాలని పట్టుబట్టలేదు. మీ మరదలిని ఒంటరిగా కూర్చోబెట్టుకుని, ఇంకా ఇంజక్షన్లు నడుస్తున్నాయా, తన మాత్రలు తానే వెళ్లి తెచ్చుకుంటోందా, వైరల్ లోడ్ పరీక్ష (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది) ఆమెకు విడిగా చేశారా, ఇంట్లో దెబ్బలేమైనా తింటోందా అని నెమ్మదిగా అడగండి. ఇవి మీ తమ్ముడి ఎదుట అడిగితే జవాబు రాదు.

నెలసరి విషయం ఆలస్యం చేయకండి. నల్లమందు జాతికి చెందిన మత్తుమందులు హార్మోన్లను అణచివేయడం వల్ల నెలసరి ఆగిపోవచ్చు. కానీ అలా ఆగిపోయిన రోజుల్లోనూ గర్భం నిలుస్తుంది. మత్తు వల్లే రాలేదనుకుని నెలలు నిండే దాకా గుర్తించని వారున్నారు. అందుచేత రేపే గర్భ నిర్ధారణ పరీక్ష చేయించండి. గర్భమని తేలితే భయపడి ఇంజక్షన్లను ఇంట్లోనే ఉన్నపళంగా మాన్పించకూడదు, అది తల్లికీ కడుపులోని బిడ్డకూ ప్రమాదం. నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ వంటి మందుకు డాక్టరు పర్యవేక్షణలో మార్చాలి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో సలహా అడగవచ్చు. చికిత్స లేకపోతే బిడ్డకు హెచ్‌ఐవీ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లి మాత్రలు సక్రమంగా వేసుకుంటే అది 5 శాతం లోపే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. గర్భిణులకు ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్లలను పరగడుపున టీఎల్‌డీతో కలిపి మింగితే, అందులోని డొల్యూటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తరవాత ఆ బిళ్లలు వేసుకోవాలి, లేదా అన్నీ అన్నంతో పాటు వేసుకోవాలి. రక్తం తక్కువని ఆమె ఇప్పటికే ఐరన్ వాడుతుంటే, గర్భం లేకపోయినా ఇది వర్తిస్తుంది.

గర్భం కాదని తేలితే క్షయ, రక్తహీనత, హెపటైటిస్-సి పరీక్షలతో పాటు మనసు కుంగుబాటును కూడా చూడమనండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు మిగతావారికన్నా 6 రెట్లు ఎక్కువ. 25 ఏళ్ల నుంచే ఈ పరీక్ష చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సెంటర్లో ఎవరూ అడగకపోతే మీరే అడగండి.

మీ తమ్ముడు ఒళ్లు చేసినంత మాత్రాన నిశ్చింత వద్దు. హెపటైటిస్-సి ఉంటే, అందులో మద్యం తోడైతే, కాలేయం మగవారిలోనే త్వరగా గట్టిపడుతుంది. దీనికి 2018 నుంచి ప్రభుత్వం ఉచితంగా మాత్రలిస్తోంది. చాలామందికి 12 వారాల్లో నయమవుతుంది.

ప్రశ్న: మా ఆయన వైరల్ లోడ్ కనిపించని స్థాయికి వచ్చింది. ఇక ఒకే సిరంజి వాడుకున్నా నాకేమీ కాదంటున్నారు. నిజమేనా?
- ఒక సోదరి, మధురవాడ

జవాబు: కాదమ్మా. ఆ స్థాయిలో కలయిక ద్వారా హెచ్‌ఐవీ సోకదన్నది నిరూపితమైన మాటే, కానీ సిరంజికి ఆ భరోసా లేదు. పైగా హెపటైటిస్-సి వైరస్ సిరంజిలో మిగిలిన రక్తపు బొట్టులో వారాల తరబడి బతికి ఉండగలదు. మీరు ఒంటరిగానే ఐసీటీసీకి (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రానికి) వెళ్లి పరీక్ష చేయించుకోండి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా మీ ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు. దగ్గరలోని కేంద్రం ఎక్కడో 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.