ఒంగోలు ఆవుల మందను తరతరాలుగా నిలుపుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయా? అంత పెద్ద మందలు ఎందుకు తరిగిపోయాయి?

ఉన్నాయి, అయితే వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ, మూసీ నదుల మధ్య ప్రాంతంలో మా ముత్తాత కాలం నుంచి మా ఇంట్లో ఒంగోలు ఆవులు ఉన్నాయి; ఇప్పుడు వాటిని చూసుకుంటున్నది నేనూ మా తమ్ముడూ. ట్రాక్టరు రావడం వల్లనే మందలు పోయాయని చాలామంది చెబుతారు. అది ఒక కారణమే గాని, మా మంద పెరిగిన ప్రతిసారీ, తరిగిన ప్రతిసారీ దాని వెనుక నాకు కనిపించేది మేత.

మా ముత్తాత కాలంలో ఇక్కడ కాలువ నీరు లేదు, నల్లరేగడి చేలలో జొన్నే ప్రధాన పంట. గింజ ఇంటికి, చొప్ప గొడ్లకు అన్నది అప్పటి లెక్క. వానాకాలంలో మంద ఊరి బంజరులోనూ వాగు పోరంబోకులోనూ మేసేది. కోతలయ్యాక ఖాళీ చేలలో రాత్రిపూట మంద కట్టించుకున్న రైతులు, పడిన ఎరువుకు బదులుగా గింజలు కొలిచేవారు. ఎండలు ముదిరితే నాలుగైదు ఇళ్ల గొడ్లను కలిపి పడమటగా నల్లమలకు తోలుకుపోయి, తొలకరి పడ్డాక తిరిగి వచ్చేవారట. ఇందులో సొంత భూమి మీద ఆధారపడిన భాగం చాలా తక్కువ అన్న సంగతి గమనించాలి. ఊరి ఉమ్మడి నేల, పొరుగువారి చేలు, అడవి కలిస్తేనే ఆ మంద.

ఆంబోతు కూడా ఉమ్మడిదే. దేవుడి పేరిట అచ్చుపోసి వదిలిన ఆంబోతు ఊరంతటి ఆవులనూ దాటేది కనుక, ఒక కుటుంబం తన సొంతమని చెప్పుకోగలిగింది ఆవుల వరుస ఒక్కటే. అందుకే కోడెదూడలను మాత్రమే అమ్మాలని, మంచి ఆవుకు పుట్టిన మొదటి పెయ్యను ఎంత ధర వచ్చినా ఇవ్వరాదని మా ఇంట్లో ఒక కట్టుబాటు ఏర్పడింది. కొనేవారు ఎక్కువగా డెల్టా నుంచి వచ్చేవారు. బరువు నేలల్లో దుక్కికి, బండ్లకు ఈ జాతి ఎద్దుల బలం వారికి కావాలి. బేరం తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని జరిగేది. మా తాత దూడను చూడబోయే ముందు దాని తల్లిని, వీలైతే అమ్మమ్మను చూసేవాడు. ఒంగోలు దూడ పుట్టినప్పుడు ఎర్రటి గోధుమ ఛాయలో ఉండి, ఆరు నెలలు నిండే సరికి తెల్లబడుతుంది కాబట్టి రంగును చూసి తొందరపడటం ఆయనకు నచ్చేది కాదు. ఆయన చూసేవి నల్లని గిట్టలు, కళ్ల చుట్టూ నలుపు, పొట్టి కొమ్ములు, మడతలు పడిన గంగడోలు, ఆ తరువాతే ఒంటిమీది వెంట్రుకల సుళ్లు.

1960ల మొదట్లో ఈ ప్రాంతం నుంచి బ్రెజిల్‌కు వెళ్లిన ఆంబోతుల్లో ఒకటి మా పక్క ఊరైన కరవది పేరుతోనే అక్కడ ప్రసిద్ధి పొందింది. నెల్లూరు పేరుతో 'నెలోర్' అని వారు పిలిచే ఆ జాతి నేడు బ్రెజిల్ మాంసపు పశుసంపదకు మూలస్తంభం. మన పశువు అక్కడ అంతగా విస్తరించడానికి వారి శాస్త్రజ్ఞానం తోడ్పడింది నిజమే, కాని అంతకంటే ముందు దానికి అక్కడ అంతులేని పచ్చిక దొరికింది. అదే కాలంలో ఇక్కడ పచ్చిక కరిగిపోతూ వచ్చింది.

1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలిన తరువాత వరి, పత్తి విస్తరించాయి. కాలువ చేరని చోట వర్జీనియా పొగాకు ఆక్రమించింది. పత్తిచేను, పొగాకుచేను పశువుకు ఏమీ మిగల్చవు. బంజరు భూములు భూమిలేనివారికి పట్టాలుగా దక్కాయి. అది న్యాయమే, అయినా మందకు నిలువ నీడ లేకుండా పోయింది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చాక నల్లమల దారీ క్రమంగా మూసుకుపోయింది. మా నాన్న మందను సగానికి, ఆపైన పావుకు తగ్గించి, ముర్రా గేదెలను కొన్నాడు. మిగిలిన ఆవులను నిజానికి ఆ గేదెల పాలడబ్బే పోషించింది. జెర్సీ సంకరం చేయించమని పశువైద్యులు సలహా ఇచ్చినా ఆయన ఒప్పుకోలేదు. ఆ పట్టుదల వల్లనే మా ఇంటి ఆవుల వరుస తెగిపోలేదని నా నమ్మకం.

బండలాగుడు పోటీల వల్ల గిత్తల ధర మళ్లీ పెరగడం సంతోషమే. కాని ఆ డబ్బు గిత్తను తయారుచేసిన వారికి చేరుతుంది గాని, దాన్ని కన్న ఆవును పోషించే ఇంటికి చాలా కొద్దిగా చేరుతుంది. గుంటూరు దగ్గర లాంలోని పరిశోధన కేంద్రంలో ఈ జాతిపై పిండమార్పిడి వంటి విలువైన పని జరుగుతోంది. అయితే అక్కడ పుట్టే మేలిరకం దూడ రైతు చావిడికి చేరాక తినడానికి ఏముంటుందన్నది ఎవరో ఒకరు ఆలోచించాలి. మేము కొంత చేనును మళ్లీ జొన్నకు వదిలాం, వరి కోశాక పశువుల మేతకు పిల్లిపెసర చల్లుతున్నాం.

మీరు ఈ ఆవులను కొత్తగా తెచ్చుకోవాలనుకుంటే సంతకు వెళ్లే ముందు ఈ లెక్క వేసుకోండి: పెద్ద ఆవు ఒక్కదానికి రోజుకు సుమారు 20–25 కిలోల పచ్చిమేత, 5–6 కిలోల ఎండుమేత కావాలి. వేసవి మూడు నెలలకూ వామిలో అంత మేత నిలవచేయగలిగినన్ని ఆవులను మాత్రమే కొనండి.