చేలో టేపు పట్టుకుని తిరిగే పాపకి ఉద్యోగం వస్తదా?

నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఒక రైతన్న అడిగారు. నాలుగెకరాలు, పాప బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరు ఏడాది. "సెలవులకి వచ్చి మా మక్కజొన్న, కంది కలిపి వేసిన చేలో టేపు, నోటుబుక్కు పట్టుకుని పొద్దంతా ఆకులు కొలుస్తూ కూసున్నది సార్. ఊళ్ళో నవ్వుతున్నరు, ఆకులు కొలవనీకి ఇంత చదివియ్యాల్నా అని. ఇప్పుడేమో ఎమ్మెస్సీ ఆగ్రానమీ చేస్తనంటున్నది. దాంట్ల ఉద్యోగం ఉంటదా, లేకుంటే బ్యాంకు కోచింగ్‌లో వేయాల్నా?"

అన్నా, ఊళ్ళోవాళ్ళ సంగతి పక్కన పెట్టండి, మీకు నవ్వులాగా కనిపించిన ఆ కొలతే మీ పాపకి రేపు జీతం తెచ్చేది. ఆగ్రానమీ, అంటే పంటల సాగు శాస్త్రం, ఆ డిగ్రీ ఉన్నోళ్ళు చాలామంది దొరుకుతారు, చేలోకి దిగి నమ్మదగ్గ లెక్క తెచ్చేవాళ్ళు మాత్రం తక్కువ. నేను కూడా ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు అదే సబ్జెక్టు చదివినవాడిని కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

అసలు తను ఏం కొలుస్తుందో మీకు తెలిస్తే సగం అనుమానం పోతది. మక్క ఆకు పొడవు, మధ్యలో వెడల్పు కొలిచి రెండూ గుణించి దాన్ని మళ్ళీ 0.75తో గుణిస్తారు, ఎందుకంటే ఆకు చివర సన్నబడతది కదా, నిండు చదరంలా ఉండదు. 80 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే 540 చదరపు సెంటీమీటర్లు. అట్లా ఒక మొక్క ఆకులన్నీ కలిపి 6,000 వచ్చాయనుకోండి, 60×20 సెంటీమీటర్ల దూరంలో వేసిన ఒంటి మక్కలో ఒక్కో మొక్కకి దక్కే నేల 1,200, అంటే నేలకి ఐదింతలు ఆకు ఉన్నట్టు. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. పిల్లలు తప్పు చేసేది అంతర పంట దగ్గర. రెండు సాళ్ళు మక్క, ఒక సాలు కంది వేస్తే మూడు సాళ్ళ వెడల్పు 180 సెంటీమీటర్లు, అందులో మక్క రెండు సాళ్ళే, కాబట్టి ఒక్కో మక్క మొక్క లెక్కలోకి వచ్చే నేల 1,800 అవుతది, ఆకు నేలకి మూడింతల చిల్లరకి దిగుతది. చాలామంది ఇక్కడ కూడా 1,200తోనే భాగించేసి థీసిస్‌లో పెట్టేస్తారు, ఎగ్జామినర్ అదే పట్టుకుంటాడు. మీ పాపని అడిగి చూడండి, దేనితో భాగించావమ్మా అని. ఠక్కున చెప్పిందంటే మీరు దిగులు పడాల్సిన పనిలేదు.

ప్లాటుకి ఐదు మొక్కలకి ట్యాగ్ కట్టి 30, 60, 90 రోజులకి ఆ మొక్కల ఎత్తే కొలుస్తారు. ఎండబెట్టి తూకం వేయడానికి పీకే మొక్కలు మాత్రం వేరే సాలులోంచి తీసుకోవాలి, దిగుబడి తూచే నడిమి భాగం, నెట్ ప్లాట్ అంటాం, దాన్ని ముట్టుకోకూడదు. పీకినవి ఓవెన్‌లో 65 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టి తూస్తారు. ఎత్తు చూసి మోసపోవచ్చు గానీ పొడి బరువు దగ్గర మోసం నడవదు. కంది అయితే పూత టైంలో తడి నేల మీద గడ్డపారతో మెల్లగా లేపి వేరు బుడిపెలు లెక్కపెట్టి, రెండు మూడు చీల్చి లోపల గులాబీ రంగు ఉందా చూడాలి, ఉంటేనే అవి నత్రజని పట్టే పనిలో ఉన్నట్టు. కంకి మీద గింజల వరసలు మామూలుగా 12, 14, 16 ఇట్లా సరి సంఖ్యే వస్తాయి, ఒక్క కంకికి 13 అని రాసుకొస్తే మా గైడ్ సార్ మళ్ళీ లెక్కపెట్టుకు రా అని పంపేవారు.

ఇంకో మాట, 60 రోజులప్పుడు మీ చేలో కంది చూసి మీరే అనుకుని ఉంటారు, మక్క నీడలో ఇది బతుకుతదా అని. కంది మొదట్లో నెమ్మదిగా పెరుగుతది, మక్క కోసి వెలుతురు తగిలాకే గుబురెక్కుతది, ఈ జోడీ మన దగ్గర నిలబడ్డది కూడా అందుకే. కాబట్టి 60 రోజుల కొలతతో ఏ పంట మంచిది అని తేల్చేవాళ్ళని నేను నమ్మను. పెసర అయితే కథ వేరు, 65-70 రోజుల్లో పంటే అయిపోతది కాబట్టి అప్పటి కొలతే ఆఖరి మాట.

ఇప్పుడు దిగుబడి. రెండు పంటలు కలిపి వేస్తే లాభమా కాదా అన్నది ఎట్లా చెప్తారు, మక్క, కంది ఒకే తక్కెట్లో వేసి తూచలేం కదా. దీనికి ఎల్‌ఈఆర్ (ల్యాండ్ ఈక్వివలెంట్ రేషియో) అని ఒక లెక్క ఉంది, పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన విల్లీ అనే ఆగ్రానమిస్టు దీన్ని బాగా వాడుకలోకి తెచ్చారు. మీ గుంటల్లోనే చెప్తా, ఎకరానికి 40 గుంటలు కదా, అంకెలు ఉదాహరణకే. ఎకరంలో ఒంటిగా మక్క వేస్తే 24 క్వింటాళ్ళు, ఒంటిగా కంది వేస్తే 5 క్వింటాళ్ళు. కలిపి వేసిన ఎకరంలో మక్క 18, కంది 3 వచ్చాయి. ఆ 18 క్వింటాళ్ళ మక్క విడిగా పండించాలంటే 30 గుంటలు కావాలి, ఆ 3 క్వింటాళ్ళ కందికి 24 గుంటలు కావాలి, మొత్తం 54 గుంటలు. 40 గుంటల్లో 54 గుంటల పంట తీశారన్నమాట, ఎల్‌ఈఆర్ 1.35.

వినడానికి బాగుంది కదా, కానీ ఇక్కడే రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, ఒంటి పంటని సరిగ్గా పెంచకుండా వదిలేస్తే అంతర పంట దానంతట అదే గొప్పగా కనిపిస్తది, కాబట్టి ఎవరైనా 1.6, 1.7 అని చెప్తే ముందు వాళ్ళ ఒంటి పంట దిగుబడి ఎంత అని అడగాలి. రెండోది టైం. మక్క 110 రోజులకే పోతది, కంది 170 రోజులు నేలని పట్టుకుని ఉంటది, ఒంటి మక్క వేసినోడు ఈలోపు ఇంకో పంట వేసుకునేవాడు కదా. ఆ రోజులు కూడా లెక్కలోకి తెస్తే అదే 1.35 కాస్తా 1.09 దగ్గరకి పడిపోతది. నష్టమేం లేదు గానీ మొదట చెప్పినంత సంబరం కూడా లేదు. ఇంటర్వ్యూలో ఈ రెండో లెక్క తనంతట తనే చెప్పిన పిల్లని ఎవరూ ఊరికే పంపరు.

నా సొంత గొడవ ఒకటి చెప్తా. నా ఎమ్మెస్సీ ట్రయల్‌లో కంకి పాలు పోసుకునే టైంకి అడవి పందులు పడి ఒక రెప్లికేషన్‌లో, అంటే అదే ట్రయల్‌ని మళ్ళీ వేసిన ఒక భాగంలో, మూడు ప్లాట్లు రాత్రికి రాత్రే దున్నేశాయి. పక్క ప్లాటు అంకెలు కొంచెం అటూ ఇటూ చేసి రాసేయ్, ఎవడు చూస్తాడు అని ఒక సీనియర్ సలహా ఇచ్చాడు, రెండు రోజులు రాయడానికే కూర్చున్నా కూడా. చివరికి చేతులాడక గైడ్ సార్‌కి చెప్పేశా. ఆయన తిట్టలేదు, పోయిన ప్లాట్లకి లెక్క కట్టే పద్ధతి స్టాటిస్టిక్స్‌లో ఉంటది రా, నోట్ రాసి పెట్టు అన్నారంతే. చదువయ్యాక ఒక విత్తన కంపెనీ ఇంటర్వ్యూలో ఆ నోటుబుక్కే చూపించా, వాళ్ళు డిగ్రీ మార్కులు అడగలేదు, పందుల గురించే పావుగంట అడిగారు.

ఇక ఉద్యోగాలు. హైదరాబాద్ చుట్టూ విత్తన కంపెనీలు బోలెడు, కొత్త హైబ్రిడ్‌లని ఊరూరా ట్రయల్ వేసి కొలిచే మనుషులు వాళ్ళకి ప్రతి సీజన్‌కీ కావాలి, పురుగుమందులకి రిజిస్ట్రేషన్ ట్రయల్స్ చేసే సంస్థలకీ అంతే. తిరుగుడు ఎక్కువ, ఎండ ఎక్కువ, అది దాచను. ఇక్రిశాట్, సంతోష్‌నగర్‌లోని మెట్ట సాగు పరిశోధన సంస్థ క్రీడా (CRIDA), రాజేంద్రనగర్ యూనివర్సిటీ ప్రాజెక్టుల్లో రీసెర్చ్ ఫెలో పోస్టులు పడుతుంటాయి, అవి కాంట్రాక్టు, ప్రాజెక్టు అయిపోతే ఇంటికే, కానీ నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. పంట బీమాకి పంట కోత ప్రయోగాలు ఉంటాయి, ఇప్పుడు శాటిలైట్‌తో దిగుబడి అంచనా అంటున్నారు గానీ ఆ శాటిలైట్ లెక్క కరెక్టా కాదా చూడటానికి మళ్ళీ నేల మీద కోసి తూచిన అంకే కావాలి. లెక్చరర్ వైపు అయితే ఎమ్మెస్సీ తర్వాత ఏఎస్ఆర్‌బీ నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి, పీహెచ్‌డీ దాకా ఓపిక ఉండాలి. సర్కారు అగ్రికల్చర్ ఆఫీసర్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో ఎవరం చెప్పలేం, దాన్ని నమ్ముకుని ఖాళీగా మాత్రం కూర్చోనివ్వకండి.

బ్యాంకు అన్నారు కదా, అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకి బీఎస్సీ అగ్రికల్చరే చాలు, ఎమ్మెస్సీ చదువుతూ కూడా రాయొచ్చు, దానికోసం పాపని కోచింగ్‌లో ఏడాది కట్టేయక్కర్లేదు. నా మాట అయితే ఎమ్మెస్సీ సీటు కోసం ఐసీఏఆర్ (జాతీయ వ్యవసాయ పరిశోధన మండలి) ఆలిండియా ఎంట్రన్స్ రాయించండి, సీటు వస్తే ఆగ్రానమీకే పంపండి. ఒకవేళ మన రాష్ట్రం బయట మంచి యూనివర్సిటీలో వస్తే దూరం అని ఆపకండి ప్లీజ్. ఈ లోపల ట్రయల్ లెక్కలు కట్టే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి, అది ఫ్రీనే, మొదట్లో కష్టమనిపిస్తే హిసార్ యూనివర్సిటీ వాళ్ళ ఓపీస్టాట్‌తో మొదలుపెట్టినా పర్లేదు.

మీరు చేయాల్సింది కూడా ఒకటుంది. వచ్చే వానాకాలం మీ అంతర పంట పక్కనే ఐదు గుంటలు ఒంటి మక్క, ఐదు గుంటలు ఒంటి కంది వేయండి, అదే విత్తనం, అదే ఎరువు. అవి లేకుండా పాప మీ చేలో ఎంత కొలిచినా పోల్చడానికి ఏమీ ఉండదు. కోసినప్పుడు ఏ మక్కకి ఆ మక్క విడిగా తూకం వేసి ఆ రోజే తేమ రాయించండి, 22 శాతం తేమతో 20 క్వింటాళ్ళు తూగింది 14 శాతానికి వచ్చేసరికి 18 క్వింటాళ్ళ చిల్లరే ఉంటది. తేమ మీటర్ కొనక్కర్లేదు, మార్కెట్ యార్డులో ఉంటది, దోసెడు గింజలు కవర్‌లో గట్టిగా మూట కట్టి తీసుకెళ్ళండి, కవర్ మీద ఏ ప్లాటువో పాపతోనే రాయించండి.