రైట్... రైట్! ఒక్కరోజు ప్రయాణాల ప్రశ్నలు, ఒక మాజీ కండక్టరు జవాబులు

నెల్లూరు నుంచి ఉదయగిరి, సీతారామపురం రూటులో ఇరవై ఎనిమిదేళ్లు టికెట్లు కొట్టాను. రిటైరయ్యాక టికెట్టు అడిగేవాళ్లు పోయి దారి అడిగేవాళ్లు మిగిలారు. కార్తీకం దగ్గర పడింది కదా, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ కోనల గురించే.

ప్రశ్న: అన్నా, మా ఆయనకు దొరికేది ఒక్క ఆదివారం. కారుంది. తొమ్మిదేళ్లు, ఆరేళ్ల పిలకాయలు ఇద్దరు. పెంచలకోన, ఉదయగిరి కోట, భైరవకోన మూడూ ఒక్కరోజులో చూసుకుని రాత్రికి ఇంటికి చేరగలమా?
– గృహిణి, దర్గామిట్ట, నెల్లూరు

జవాబు: చేరతారమ్మా, చూడరు. మ్యాపులో మూడూ వెలిగొండల వెంబడే వరసగా కనిపిస్తాయి. దారులు మాత్రం వేరు. పెంచలకోనకు పొదలకూరు, రాపూరు మీదుగా పోవాలి. ఉదయగిరికి బుచ్చి, సంగం, ఆత్మకూరు దాటి పోవాలి. భైరవకోన ఇంకా అవతల, సీతారామపురం దాటాక ఉమ్మడి ప్రకాశం జిల్లా సి.ఎస్.పురం మండలంలో కొత్తపల్లి దగ్గర. నెల్లూరు నుంచి సుమారు నూటయాభై కిలోమీటర్లు. పిలకాయలతో అంటే మధ్యలో రెండుసార్లన్నా ఆపాలి, మూడున్నర గంటలు వేసుకోండి.

ఈ తప్పు నేను చేసిందే. రోజూ తిరిగే రూటే కదా అన్న పొగరుతో ఒక కార్తీక ఆదివారం నా భార్యను, చెల్లెలి కుటుంబాన్ని వెంటేసుకుని బయల్దేరాను. ఉదయగిరి కొండెక్కి దిగి, మధ్యాహ్నానికి భైరవకోన పోయి, జలపాతం దగ్గర పులిహోర తిందామని ప్లాను. ఇల్లు కదిలేసరికే ఎనిమిది దాటింది. ఏడుగురికి రెండు సీసాల నీళ్లు. కొండ సగం ఎక్కేసరికి అవి అయిపోయాయి. దిగేసరికి నాలుగు. భైరవకోన చేరేసరికి చీకటి పడింది. సెల్‌ఫోన్ లైటులో కనపడ్డ ఒక ద్వారపాలకుడికి దణ్ణం పెట్టుకుని, పులిహోర కార్లోనే తిని తిరిగొచ్చాం. మా బావ ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా "ఏం బావా, లైటు తెచ్చావా?" అంటాడు.

కాబట్టి ఒక్కటే పెట్టుకోండి. ఈ వయసు పిలకాయలకు భైరవకోన బాగుంటుంది. ఎక్కుడు తక్కువ, చూసేది ఎక్కువ. ఒకే కొండ కడుపును లోపలికి తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు. ఏడో శతాబ్దానికీ తొమ్మిదో శతాబ్దానికీ మధ్య పనిగా చెబుతారు. స్తంభాల మొదట్లో కూర్చున్న సింహాలున్నాయి చూశారా, అది పల్లవుల చేయి. వాటిని లెక్కపెట్టమని మీ పెద్దోడికి చెప్పండి, ఒక గంట మీకు ప్రశాంతం. చిన్నదాన్ని త్రిముఖ దుర్గమ్మ దగ్గర నిలబెట్టండి. ఒక ముఖం మహాకాళి, నోట్లోంచి జ్వాల వస్తున్నట్టుంటుంది. నడిమిది లక్ష్మి, చల్లగా చూస్తుంటుంది. ఇటు పక్క సరస్వతి అద్దంలో చూసుకుంటూ ఉంటుంది. దేవతలు కూడా అద్దం చూసుకుంటారా అని మా మేనకోడలు తర్వాతెప్పుడో వెళ్లినప్పుడు అడిగింది, మా దగ్గర జవాబు లేదు. కార్తీక పౌర్ణమి నాడు వెన్నెల నేరుగా అమ్మవారి మీద పడుతుందని చెబుతారు. ఆ రాత్రి జనం విపరీతం, చంటిపిల్లలున్నవాళ్లు ఆ ఒక్కరోజు వదిలేస్తే మంచిది.

ఆరింటికల్లా ఇల్లు కదలండి. మూడున్నరకు అక్కడ బయల్దేరాలి. కార్తీకంలో అయిదున్నర దాటితే కొండల్లో చీకటే. టిఫిన్ డబ్బాలు కార్లోంచి చేత్తో పట్టుకుని దిగొద్దు, సంచిలో పెట్టి జిప్పు వేయండి. కోతులు మూత కూడా తీస్తాయి.

ప్రశ్న: మొన్న మే నెలలో ఫొటో చూసి భైరవకోన జలపాతానికి పోతే సన్నటి ధార తప్ప ఏం లేదు. ఫొటోలో రెండు వందల అడుగుల నుంచి దూకుతోంది. ఫొటో మోసమా?
– చిరుద్యోగి, పొదిలి

జవాబు: ఫొటో మోసం కాదు సార్, నెల తేడా. ఫొటో ఏ నవంబరులోనో తీసి ఉంటారు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. మిగతా రాష్ట్రం జూన్‌లో విత్తనాలు చల్లుతుంటే మనం ఆకాశం చూస్తుంటాం. మిగతావాళ్లు గొడుగులు మడిచాక మనకు వాయుగుండాలు మొదలు. కోన చూడాలంటే పెద్ద వాన వెలిసిన వారానికి పోవాలి. సంక్రాంతి దాకా బాగుంటుంది.

మే నెలలో ఆ సన్నటి ధారన్నా ఎందుకుందో ఆలోచించారా? ఈ కొండల్లో ఎక్కువగా ఉండేది ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి. క్వార్ట్‌జైట్ అంటారు. రాయి నీళ్లు తాగదు, దాని పగుళ్లు తాగుతాయి. కార్తీకంలో తాగిన నీళ్లనే ఆ పగుళ్లు ఎండాకాలం దాకా కొంచెం కొంచెంగా వదులుతుంటాయి. మా సీతారామపురం దగ్గర ఘటిక సిద్ధేశ్వరంలో నైట్ హాల్ట్ రోజుల్లో ముసలాయన ఒకాయన ఇదే మాట వేరేగా చెప్పాడు: "కొండ కూడా మన ఆడోళ్ల మాదిరే నాయనా, దాచిపెట్టి ఖర్చు చేస్తుంది."

ఇంకోమాట. వానలప్పుడు కోనలో నీళ్లలో దిగేవాళ్లు నీళ్ల రంగు మీద ఒక కన్నేసి ఉంచాలి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడుతూ ఉండొచ్చు. తేటగా పారే నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా చెప్పులు కూడా వెతుక్కోకుండా గట్టెక్కండి. పెంచలకోనలో ఒకసారి నా కళ్ల ముందే మోకాలి లోతు నీళ్లు కాసేపట్లో నడుము దాకా వచ్చాయి. సెల్ఫీ దిగుతున్న కుర్రాళ్లను గట్టు మీదున్న ఒక చెంచు మనిషి కేకలేసి లాక్కొచ్చాడు. వాళ్లలో ఒకడు కొట్టుకుపోయిన చెప్పు కోసం అరగంట ఏడ్చాడు.

ప్రశ్న: అయ్యా, ఫ్లోరిడాలో ఉన్న మా మనవరాలు వీడియో కాల్‌లో ఒక స్టేట్ పార్క్ చూపించింది. మారియానా అనే ఊరి దగ్గర గుహ. లోపల పైనుంచి జొన్నకంకుల్లా రాళ్లు వేలాడుతున్నాయి. ఇంకో పార్కులో వకల్లా అనే పెద్ద నీటి ఊట. "అమ్మమ్మా, మీ ఊళ్లో గుహలున్నాయన్నావే, వాటిల్లో ఇలాంటివి వేలాడవా?" అని అడిగింది. ఏం చెప్పమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, కావలి

జవాబు: అమ్మా, నేను అమెరికా చూళ్లేదు, చదివిందే చెబుతున్నా. మీ మనవరాలు చూసింది ఫ్లోరిడా కావెర్న్స్ స్టేట్ పార్క్. అది సున్నపురాయి నేల. వాన నీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు గ్యాసు కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి. ఆ పులుపు సున్నపురాయిని వేల ఏళ్లపాటు కరిగించి లోపల గది చేస్తుంది. తర్వాత పైకప్పు నుంచి కారే ఒక్కో చుక్కా తనలోని సున్నాన్ని పిసరంత అక్కడే అంటించి పోతుంది. మీ వీడియోలో వేలాడే కంకులు అవే. అంత చేసిన నీళ్లు, మనుషులు నడిచే దారి మాత్రం చెయ్యలేదు. 1930ల చివర్లో పనుల్లేని కుర్రాళ్లకు పని కల్పించే ప్రభుత్వ పథకం కింద అక్కడివాళ్లు లోపలి మట్టి, రాయి తవ్విపోసి దారి చేస్తే, 1942లో జనాన్ని రానిచ్చారు. మన కరువు పనులు గుర్తొచ్చాయి నాకు. వకల్లా ఊట కూడా ఆ సున్నపురాయి పుణ్యమే. భూమి లోపల్నుంచి వస్తుంది కాబట్టి చలికాలమైనా ఎండాకాలమైనా ఇరవై ఒక్క డిగ్రీల దగ్గరే ఉంటుందట. మొసళ్లు కూడా ఉంటాయట, మనవరాలికి జాగ్రత్త చెప్పండి.

మన భైరవకోన సంగతి వేరు. అక్కడ గది చేసింది ఉలి. నీళ్లు బయట జలపాతంలోనే ఉండిపోయాయి. ఆ రాయి సున్నపురాయిలా కరగదు, అందుకని ఏమీ వేలాడదు. వేలాడేవి మనవరాలికి ఇక్కడే చూపించాలంటే నంద్యాల జిల్లా బెలుం గుహలకు తీసుకుపోండి. కనుక్కున్న దారి 3,229 మీటర్లు, అందులో కొంత మేర లైట్లు పెట్టి సందర్శకులకు తెరిచారు. బ్రూస్ ఫుట్ అనే దొర 1884లోనే వాటి గురించి రాశాడు. కావలి నుంచి ఒక్కరోజులో మాత్రం పోయి రావద్దు. తాడిపత్రిలో రాత్రి పడుకుని పొద్దున్నే గుహలోకి దిగండి. లోపల ఉక్క, నూలు బట్టలే కట్టుకోండి.

ప్రశ్న: తాతా, మేం నలుగురు ఫ్రెండ్స్ ఉదయగిరి కోట ఎక్కుదామనుకుంటున్నాం. పైన నిధి ఉందంటారు నిజమేనా? నిధి లేకపోతే అంత కష్టపడి ఎక్కి చూసేదేముంది?
– డిగ్రీ విద్యార్థి, కనిగిరి

జవాబు: నిధి కోసం తవ్వినవాళ్లు వదిలేసిన గుంతలున్నాయి నాయనా, కాలు పడకుండా చూసుకో.

ఆ కొండ ఎత్తు 3,079 అడుగులు. మావాళ్లు దుర్గం అంటారు. ఒకప్పుడు కొండ మీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు కోటలుండేవట. ఇది ఒడిశా రాజులు గజపతుల చేతిలో ఉన్నప్పుడు 1513లో కృష్ణదేవరాయలు వచ్చి చుట్టుముట్టాడు. ఏడాదిన్నర పట్టింది. సైన్యం ఎక్కడానికి దారి లేకపోతే బండలు పగలగొట్టించి బాటలు వేయించాడని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాశాడు. 1514లో కోట చిక్కింది. రాయలు ఇక్కడి నుంచి పట్టుకెళ్లింది ఏంటో తెలుసా? బాలకృష్ణుడి విగ్రహం. దానికోసం హంపీలో గుడే కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఇప్పుడు హంపీ గుడిలోనూ ఆ విగ్రహం లేదు, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నిధి నిధి అంటున్నావే, అసలు నిధి మన ఉదయగిరి నుంచి హంపీ పోయి, అక్కడి నుంచి మద్రాసు బస్సెక్కింది.

ఎక్కేటప్పుడు గోడల కంటే ముందు దారి చూడు. బురుజు ఎదురుగా కనపడుతుంటుంది, బాట మాత్రం ఎప్పుడూ దానికి పక్కగానే పోతుంది. పైనున్నవాడు రాయి దొర్లిస్తే కిందవాడికి తప్పుకునే చోటుండదు. ఏడాదిన్నర ఎందుకు పట్టిందో రెండో మలుపులో కూర్చుని ఆయాసపడుతూ ఆలోచిస్తే తెలిసిపోతుంది. పైన గోల్కొండ సుల్తానుల కాలపు మసీదులున్నాయి. కింద ఊళ్లో రంగనాయకుల గుడి మండపం పాడుబడ్డా శిల్పం బాగుంటుంది, దిగాక చూడు.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ఎక్కే ముందు ఊళ్లో ఒకరికన్నా చెప్పి ఎక్కండి, దారి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుంటే ఇంకా మంచిది. తేనెపట్ల కింద సిగరెట్టు, సెంటు రెండూ వద్దు. డిసెంబరు, జనవరి నెలలు మేలు. వానలప్పుడు బండలు నాచు పట్టి జారతాయి.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. పెంచలకోన తీసుకుపోవచ్చా? బస్సులోనే.
– గూడూరు నుంచి ఒక కూతురు

జవాబు: నిక్షేపంగా పోవచ్చు తల్లీ. గుడి దాకా బస్సు పోతుంది. శనివారం మాత్రం వద్దు, జనం. నరసింహ స్వామి, చెంచులక్ష్మి పెనవేసుకుని శిలయ్యారు కాబట్టి పెనుశిల, అదే వాడుకలో పెంచలకోన అయిందని అమ్మకు తెలిసే ఉంటుంది. జలపాతం దగ్గరికి వద్దు, రాళ్ల మీద నడక. గుడి దగ్గర పారే ఏట్లో కాళ్లు పెట్టి కూర్చోబెట్టండి. ఇక్కడ పుట్టిన ఏరే కిందికి పోయి కండలేరు అవుతుంది. కణ్వ మహర్షి పేరు మీద వచ్చిందంటారు. చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, ఏట్లో షాంపూ ప్యాకెట్లు పారేసేవాళ్లు కనపడితే అమ్మ చేత నాలుగు మాటలు చెప్పించండి. పెద్దవాళ్లు చెబితే వింటారు, మేం చెబితే తిడతారు.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా. ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని ఎక్కండి, సంచి అడుగున పెట్టుకోవద్దు. కండక్టరుకు వంద మందున్నారు.

ప్రశ్న: ఉదయగిరిలో కొన్న చెక్క చెంచాలు ఆరు నెలలకే పగిలాయి. నకిలీవా?
– పేరు రాయలేదు, ఒంగోలు

జవాబు: నకిలీ అయితే అంత నున్నగా ఉండవు. వాటికి జి.ఐ. గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకని చెప్పే ప్రభుత్వ ముద్ర కూడా ఉంది. ఆ దుర్గం అడవిలో దొరికే నర్ది లాంటి చెక్కలతో చేత్తో చెక్కుతారు. మీరు వాటిని స్టీలు గిన్నెలతో పాటు రాత్రంతా సింకులో నానేసి ఉంటారు. వాడగానే కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టండి. నెలకోసారి కొంచెం కొబ్బరి నూనె రాయండి. మా ఇంట్లో ఉప్మా గరిటె నా సర్వీసులో ఉండగా కొన్నది, పిడి దగ్గర కొంచెం అరిగింది, అంతే.